డిగ్రీ కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్: 180 గంటలు సరే, ఊరికి మిగిలిందేమిటి?

ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి 2020–21లో డిగ్రీ పాఠ్యప్రణాళిక మార్చినప్పుడు వచ్చిందీ ప్రాజెక్ట్. మొదటి సంవత్సరం అయ్యాక విద్యార్థులు వేసవిలో ఒక ఊళ్లో 180 గంటలు పనిచేయాలి, దానికి 4 క్రెడిట్లు. రాసిపెట్టిన పద్ధతికి అయిదుకి నాలుగున్నర ఇవ్వొచ్చు. చాలాచోట్ల నడుస్తున్న తీరుకు రెండున్నరే ఎక్కువ.

పద్ధతిలో వంక పెట్టడానికి పెద్దగా లేదు. ఒక వారం ఇంటింటి సర్వే, ఒక వారం అవగాహన కార్యక్రమాలు, మూడు వారాలు ఏదైనా ప్రభుత్వ శాఖతో కలిసి పని, ఆఖరి వారం నివేదిక. మార్కులు నూటికి: రోజువారీ పని రాసుకునే లాగ్‌బుక్‌కు 20, అమలుకు 30, నివేదికకు 25, నోటితో చెప్పే ప్రజెంటేషన్‌కు 25. ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) పనుల్ని దీని కింద చూపకూడదని మార్గదర్శకాల్లోనే ఉంది. అయినా ప్లాస్టిక్ వద్దంటూ ఫ్లెక్సీ పట్టుకుని ర్యాలీ తీయడం, ఫొటోలు దిగడం దగ్గరే చాలా బృందాలు ఆగిపోతాయి. (ఆ ఫ్లెక్సీ కూడా ప్లాస్టిక్కే.)

మొదటి తప్పు సర్వే వేళల్లో జరుగుతుంది. మే నెలలో పదింటికి ఊళ్లోకి దిగితే సగం ఇళ్లకు తాళాలే. ఉపాధి పనికి వెళ్లినవాళ్లు అప్పటికి ఇంకా రారు, వచ్చినవాళ్లు ఎండకి నడుం వాల్చి ఉంటారు. పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 5 నుంచి 8 వరకు తిరిగితే రోజుకు కావాల్సిన ఆరు గంటలూ అక్కడే సరిపోతాయి. ఇంటికి 20 నిమిషాల చొప్పున ఇద్దరిద్దరు కలిసి వెళ్తే, నడకతో కలిపి పూటకు ఏడిళ్లు అవుతాయి. ఆరుగురి బృందం అయిదారు రోజుల్లో 200 గడపల ఊరిని పూర్తి చేయగలదు. జంటలో ఒకరు అడగాలి, ఒకరు రాయాలి. ఇద్దరూ ఫోన్లలో తలదూర్చి టిక్కులు కొడుతుంటే ఆ ఇంటావిడ మూడో ప్రశ్నకే లోపలికి వెళ్లిపోతుంది.

రెండోది ప్రశ్నపత్రం. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా అడగకండి. అడిగారంటే ‘ఇల్లు ఇస్తారా, పింఛను వస్తుందా’ అనే ఆశ లేస్తుంది. కాలేజీ చదువు కోసం వచ్చాం, పథకాలు మా చేతిలో ఉండవని గుమ్మంలోనే చెప్పేయాలి. ఆదాయం ఎంతని నేరుగా అడిగితే సరైన అంకె రాదు. ఎన్ని ఎకరాలు, సొంతమా కౌలా, ఏడాదిలో ఎన్ని రోజులు కూలి దొరికింది అని అడిగితే లెక్క తనంతట తనే తేలుతుంది.

మూడు వారాల పనే దీనికి ప్రాణం, ఇక్కడ సబ్జెక్టుని వాడుకున్నవాళ్లే గట్టెక్కుతారు. కెమిస్ట్రీ విద్యార్థులకు తాగునీటి పరీక్ష చక్కటి పని. కానీ నీళ్లలో కరిగిన లవణాల మొత్తం చూపే టీడీఎస్ మీటరు ఒక్కటే పట్టుకెళ్లి ‘నీళ్లు మంచివే’ అని రాసేస్తున్నారు. అందులో ఫ్లోరైడ్ తెలీదు, సూక్ష్మజీవులు అసలే తెలీవు. ఫ్లోరైడ్‌కు విడిగా కిట్టు కావాలి. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫరవాలేదు, వేరే నీటివనరు లేనిచోట 1.5 గరిష్ఠ పరిమితి. సూక్ష్మజీవుల కోసం హెచ్‌2ఎస్ సీసా (మలంతో కలుషితమైన నీళ్లు పోస్తే నల్లబడే మందు ఉన్నది) చాలు: గీత దాకా నీళ్లు నింపి 24 నుంచి 48 గంటలు గదిలో ఉంచాలి, నల్లబడిందంటే ఆ నీళ్లు అనుమానించాల్సినవే. అప్పుడు అదే నీటివనరు నుంచి కొత్తగా నమూనా తీసి ప్రయోగశాలకు పంపాలి గానీ, ఊళ్లో దండోరా వేయకూడదు. కామర్స్ పిల్లలకైతే స్వయం సహాయక సంఘాల పొదుపు, అప్పుల పుస్తకాలు చూసి వడ్డీ లెక్క సరిచూడటం అంతే విలువైన పని.

విద్యార్థుల్లో మార్పు కనిపిస్తుందా అంటే, నిజంగా తిరిగినవాళ్లలో కనిపిస్తుంది. గ్రామ సచివాలయంలో ఏ పనికి ఎవరిని కలవాలో, ఏఎన్ఎమ్‌కీ ఆశా కార్యకర్తకూ తేడా ఏమిటో పద్దెనిమిదేళ్లకే తెలుస్తుంది. వైవాలో (మౌఖిక పరీక్షలో) వాళ్లని ఇట్టే పట్టొచ్చు, తడుముకోరు. లాగ్‌బుక్ కూడా దాచదు: ముప్పై రోజుల రాత ఒకే పెన్నుతో, ఒకే వాలుతో ఉంటే ఒక్క రాత్రిలో తయారైందన్నమాటే. జెరాక్స్ షాపు నివేదికలైతే ఊరి పేరు మార్చడం కూడా మరిచిపోతాయి.

ఊరి వైపు లాభం అంత గట్టిగా చెప్పలేం. కారణం ఆఖరి వారం. నివేదిక ప్రతి ఒకటి స్థానిక యంత్రాంగానికి ఇవ్వాలి, మరుసటి ఏడాది అదే ఊరికి వచ్చే బ్యాచ్ దాని మీద పని మొదలుపెట్టాలి. ఈ గొలుసు తెగడంతో ఏటా కొత్త పిల్లలు వచ్చి మరుగుదొడ్డి ఉందా అని అవే ఇళ్లలో అడుగుతున్నారు. మెంటర్లు (బృందాన్ని నడిపించే అధ్యాపకులు) వైవాకు ముందే సచివాలయం ముద్ర ఉన్న రసీదు అడగాలి. ఆ ప్రతిలో అరవై పేజీల ముందుమాటలు అక్కర్లేదు: ఏ వీధి, ఏ బోరు, ఏ తేదీన ఎంత రీడింగు, ఎవరికి చెప్పారు, ఏం జరిగింది. రెండు పేజీలు. కాలేజీ బీరువాలో ఊరి పేరుతో ఒక ఫైలు.