సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీం: గడువు తీరి, పొడిగించుకున్న ఖాతాదారుడి సమీక్ష

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సర్వీసు నుంచి 2019లో 60 ఏళ్లు నిండి పదవీ విరమణ చేసినప్పుడు, గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పింఛనులో కొంత భాగానికి బదులు ఒకేసారి ఇచ్చే మొత్తం) కింద చేతికందిన సొమ్ములో 15 లక్షల రూపాయలను ఆ ఆగస్టులో పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీంలో, అంటే పెద్ద వయసువారి కోసం ప్రభుత్వం నడిపే అయిదేళ్ల పొదుపు పథకంలో జమ చేశాను. అప్పట్లో ఒక మనిషికి అనుమతించిన గరిష్ఠ మొత్తం అదే. వడ్డీ 8.6 శాతం. 2024లో అయిదేళ్ల గడువు తీరాక, ఆనాటి రేటు 8.2 శాతానికి మరో మూడేళ్లు పొడిగించుకున్నాను. విరమణకు దగ్గర పడుతున్నవారికి ఉపయోగపడుతుందని నా అనుభవాన్ని వివరంగా రాస్తున్నాను.

ఈ పథకంలో నాకు అన్నిటికన్నా నచ్చింది, చేరిన రోజున ఉన్న వడ్డీ రేటు గడువు తీరేదాకా మారకపోవడం. ఏప్రిల్, జూలై, అక్టోబర్, జనవరి నెలల ఒకటో తేదీన 32,250 రూపాయలు నా సేవింగ్స్ ఖాతాలో పడేవి. 2020 ఏప్రిల్‌లో ప్రభుత్వం కొత్త ఖాతాలకు రేటును 7.4 శాతానికి తగ్గించింది. ఆ తరవాత విరమణ చేసిన నా సహోద్యోగికి అంతే డిపాజిట్ మీద మూడు నెలలకు 27,750 మాత్రమే వచ్చేది. 2023 ఏప్రిల్‌లో రేటు 8.2 శాతానికి, పరిమితి 30 లక్షలకు పెరిగినా ఆయన పాత ఖాతా 7.4 దగ్గరే ఉండిపోయింది. రెండేళ్లు దాటిన ఖాతాను మూసేస్తే అసలులో ఒక శాతం, అంటే 15 వేలు కోసుకుంటారు. కొత్త రేటు వల్ల ఏడాదికి 12 వేలు అదనంగా వస్తుంది కాబట్టి, గడువు ఇంకా రెండేళ్లకు పైగా ఉన్న ఆయనకు మూసి మళ్లీ తెరవడమే లాభమని లెక్క వేసి చెప్పాను. రేటు పెరిగినప్పుడు ఈ లెక్క ప్రతి ఖాతాదారుడూ వేసుకోవాలి.

మూడు నెలల వడ్డీని తీసుకోకుండా వదిలేస్తే దాని మీద మళ్లీ వడ్డీ రాదు. అందుకే వడ్డీని సేవింగ్స్ ఖాతాకు జతచేయమని ఖాతా తెరిచే రోజునే రాసి ఇవ్వాలి. కౌంటర్‌లో వాళ్లు అడగకపోతే మనమే అడిగి రాయించాలి.

లోపాలు కూడా చెప్పాలి. అయిదేళ్లూ అదే 32,250 వచ్చింది. మందుల ఖర్చు, ఆరోగ్య బీమా ప్రీమియం మాత్రం ఏటా పెరుగుతూ పోయాయి. చివర్లో చేతికి వచ్చేదీ అదే 15 లక్షలు. అందువల్ల ఉన్నదంతా ఇందులోనే పెట్టడం నాకు సమ్మతం కాదు. వడ్డీ మొత్తానికీ ఆదాయపు పన్ను వర్తిస్తుంది. 20 శాతం శ్లాబులో ఉన్నవారికి 8.2 శాతం కాస్తా ఆరున్నర దగ్గరికి దిగుతుంది. పెట్టిన సొమ్ము మీద వచ్చే మినహాయింపు (1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 80సి), వడ్డీ మీద సీనియర్ సిటిజన్లకు వచ్చే మినహాయింపు (అందులోనే 80టిటిబి) పాత పన్ను విధానంలో ఉన్నవారికే దక్కుతాయి.

ఇక ఖాతాదారుడు పోయిన తరవాత ఏమవుతుందన్నది. చాలామంది దీని గురించి ఆలోచించరు. మా బావగారు తన ఒక్కరి పేరిటే ఖాతా తెరిచి, నామినీగా పెద్దకొడుకును రాశారు. మా అక్కయ్య పేరు ఎక్కడా లేదు. ఆయన పోయిన తేదీ నుంచి ఆ డిపాజిట్ మీద వచ్చేది పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతా వడ్డీ, అంటే 4 శాతం మాత్రమే. మరణ ధ్రువపత్రం, క్లెయిమ్ ఫారం, సాక్షుల సంతకాలు, బెంగళూరు నుంచి అబ్బాయి రాకపోకలు అన్నీ ముగిసేసరికి నెలలు పట్టింది. అబ్బాయి మంచివాడు కాబట్టి సొమ్ము తల్లి చేతిలో పెట్టాడు. నిజానికి నామినీ సొమ్ము తీసుకునేది వారసులందరి తరఫున. జాతీయ పొదుపు పత్రాల విషయంలో సుప్రీంకోర్టు 2000లో ఇదే స్పష్టం చేసింది. వీలునామా లేకపోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, తల్లి జీవించి ఉంటే ఆమెకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటాలు వస్తాయి. పెళ్లిలో ఇచ్చింది చాలు, ఆడపిల్లకు ఇంకేముంటుందనే మాట మన ఇళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. చట్టం ఆ మాటను ఒప్పుకోదు. అసలు నామినేషనే లేకుండా 5 లక్షలు దాటిన సొమ్ముంటే కోర్టు నుంచి వారసత్వ ధ్రువపత్రం తేవాల్సి వస్తుంది.

నేను నా శ్రీమతితో కలిసి జాయింట్ ఖాతా తెరిచాను. ఈ పథకంలో జాయింట్‌గా చేరే అవకాశం జీవిత భాగస్వామికే ఉంది. నా తరవాత ఆమె అదే వడ్డీతో గడువు దాకా కొనసాగించుకోవచ్చు. దీంతోపాటు వీలునామా కూడా రాశాను. దానికి స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షుల సంతకాలు మాత్రం ఉండి తీరాలి. రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదని నేను సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో రిజిస్టర్ చేయించాను. నాకన్నా వయసులో చిన్నవాళ్లు, ఆస్తిలో ఏమీ పొందనివాళ్లు ఇద్దరిని సాక్షులుగా పెట్టుకున్నాను. అందులో ఖాతా నంబర్లు రాయలేదు. గడువు తీరి కొత్త ఖాతా తెరిచినప్పుడల్లా నంబరు మారుతుంది కనుక, "నా పేరిట పోస్టాఫీసులలో, బ్యాంకులలో ఉన్న డిపాజిట్లన్నీ" అని రాసి, వివరాల జాబితాను విడిగా పెట్టి ఏటా ఏప్రిల్‌లో సరిచేస్తున్నాను.

2023 నవంబర్‌లో మారిన నిబంధనల ప్రకారం మూడేసి ఏళ్ల చొప్పున ఎన్నిసార్లయినా పొడిగించుకోవచ్చు. పొడిగించిన ఏడాది తరవాత కోత లేకుండా మూసుకోవచ్చు. 2027 ఆగస్టులో నా గడువు మళ్లీ తీరుతుంది. ఆ రోజు రేటు మరీ తగ్గిపోతే తప్ప ఇంకోసారి పొడిగించాలనే ఉంది. ఆ దరఖాస్తును శ్రీమతి చేత నింపించి, ఆమెనే కౌంటర్ దగ్గరకు తీసుకువెళ్లాలనుకుంటున్నాను.