బొలోన్యా బుక్ ఫెయిర్: తెలుగు పిల్లల పుస్తకంతో వెళ్లేవాళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కో, విజయవాడ పుస్తక మహోత్సవానికో అలవాటుపడ్డ ప్రచురణకర్త ఇటలీలోని బొలోన్యాలో అడుగుపెట్టగానే తెల్లబోవడం ఖాయం. పిల్లల పుస్తకాల పండగే గానీ అక్కడ పిల్లలు కనపడరు. డిస్కౌంట్ బోర్డులు ఉండవు. 1964లో మొదలైన ఈ ఫెయిర్ ఈ రంగంలో పనిచేసేవాళ్ల కోసమే: ప్రచురణకర్తలు, ఏజెంట్లు, చిత్రకారులు, అనువాదకులు, లైబ్రేరియన్లు. ఏటా వసంతకాలంలో నాలుగు రోజులు జరుగుతుంది. అక్కడ ప్రధానంగా చేతులు మారేది అనువాద హక్కు.

పిల్లల పుస్తకాల హక్కులు అమ్మడానికి ఇంతకు మించిన చోటు లేదు. అక్టోబర్‌లో జర్మనీలో జరిగే ఫ్రాంక్‌ఫర్ట్ బుక్ ఫెయిర్ ఇంకా పెద్దదే, కానీ అక్కడ పిల్లల పుస్తకాలు ఓ మూలకు పడతాయి. బొలోన్యాకు వచ్చిన ఎడిటర్ బొమ్మల పుస్తకం చూడ్డానికే వస్తాడు. అయితే తొలి ఏడాదే స్టాల్ తీసుకోవడం మాత్రం డబ్బు దండగ. స్టాల్‌లో కూర్చుంటే దారిన పోయేవాళ్లు ఆగి, బొమ్మలు బాగున్నాయని చెప్పి, కార్డు ఇచ్చి వెళ్లిపోతారు. నిజంగా కొనే ఎడిటర్‌కు అలా తిరిగే తీరిక ఉండదు. అరగంటకో మీటింగ్ చొప్పున వాళ్ల డైరీ ముందే నిండిపోతుంది. విజిటర్ టికెట్ మీద వెళ్లి మనమే వాళ్ల బల్ల దగ్గరికి పోవడం మేలు. ఫెయిర్‌కు రెండు మూడు నెలల ముందే మెయిల్ పంపాలి. పంపే ముందు ఆ సంస్థ కేటలాగ్ చూడాలి. నవలలు వేసే సంస్థకు మూడేళ్ల పిల్లల పుస్తకం పంపితే జవాబు రాదు.

అసలు పని మాత్రం ఇంటి దగ్గరే ఉంది. అన్నిటికంటే ముందు హక్కుల కాగితం. బొమ్మకు ఇంత అని మాట్లాడుకుని డబ్బు ఇచ్చేస్తే హక్కులన్నీ మనవే అనుకుంటారు చాలామంది. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లనే లెక్క. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. అంటే ఆ ఒక్క వాక్యం లేని ఒప్పందం పట్టుకుని బొలోన్యాలో ఫ్రెంచ్ హక్కు అమ్మితే, మనకు లేనిదాన్ని అమ్మినట్టే. రచయితతో, చిత్రకారుడితో విడివిడిగా కాగితం రాసుకోవాలి: అనువాద హక్కులు, ఏయే దేశాలు, ఎన్నేళ్లు, వచ్చినదాంట్లో ఎవరి వాటా ఎంత. పిల్లల కథల్ని ఉచితంగా చదవనిచ్చే వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో (ఎవరైనా వాడుకోవచ్చని ముందే ఇచ్చే అనుమతితో) ఇప్పటికే పెట్టిన కథకు ప్రత్యేక హక్కు, అంటే ఒక్కరికే చెందే హక్కు, అమ్మడం కుదరదు. దాన్ని ఎవరైనా అనువదించుకోవచ్చు కాబట్టి కొనేవాడు అడిగే మొదటి ప్రశ్న అదే.

రెండోది ప్రింటింగ్ ఫైలు. బేరాలు ఎక్కువగా చెడేది ఇక్కడే. విదేశీ సంస్థలు చాలాసార్లు నాలుగైదు భాషల ప్రతులు కలిపి ఒకేసారి ముద్రిస్తాయి. రంగుల అచ్చుకు రంగుకొకటి చొప్పున నాలుగు ప్లేట్లు వాడతారు. బొమ్మల రంగులు అన్ని భాషలకూ అవే, అక్షరాలున్న నలుపు ప్లేటు ఒక్కటే మారుతుంది. అందుకని కథ మొత్తం వేరే లేయర్‌లో, పూర్తి నలుపులోనే ఉండాలి. ముదురు రంగు మీద తెల్లక్షరాలు వేస్తే భాష మారినప్పుడు నాలుగు ప్లేట్లూ మార్చాలి. ఖర్చు చూసి కొనేవాడు వెనక్కి తగ్గుతాడు. బొమ్మలోనే ‘ధడేల్’ అని చేత్తో రాసేసిన శబ్దాలు, గోడమీద తెలుగు బోర్డులు కూడా ఇంతే. చిత్రకారుడు వాటిని విడి పొరలో గీయాలి. చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరింపు కోసం పేజీ అంచు దాటి సాగే బొమ్మ), 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కల స్పష్టత) తప్పనిసరి. అచ్చు కోసం కుదించిన ఫైలు మిగిలి, అసలు స్కాన్ పోయిందంటే ఆ పుస్తకం కథ ముగిసినట్టే.

అక్షరాలకు వదిలే జాగా కూడా ముఖ్యం. వత్తులు, గుణింతాల వల్ల మనం వరుసల మధ్య ఎడం ఎక్కువిస్తాం కాబట్టి ఇంగ్లీషు హాయిగా పడుతుంది. జర్మన్ అలా కాదు, ఇంగ్లీషు కంటే సాగుతుంది. ప్రతి పేజీలో పావు వంతు జాగా అదనంగా ఉంచాలి. అరబిక్ పుస్తకం కుడి నుంచి తెరుచుకుంటుంది కాబట్టి కొందరు బొమ్మల్ని అద్దంలో చూసినట్టు తిప్పేస్తారు. అప్పుడు కుడిచేత్తో అన్నం తింటున్న పాప ఎడమచేత్తో తింటున్నట్టవుతుంది. ఒప్పందంలో ‘బొమ్మలు తిప్పాలంటే మా అనుమతి కావాలి’ అని ఒక వాక్యం ఉంటే సరి.

పేజీల సంగతికొస్తే, ఒక్క ఫారంతో, అంటే అచ్చేసి మడిచే ఒకే పెద్ద కాగితంతో, అయిపోయే 16 పేజీల పిన్ను పుస్తకం మన దగ్గర చవకగా పిల్లల చేతికి చేరుతుంది, అది గొప్ప సంగతే. కానీ అక్కడ ఎక్కువగా కొనేది 32 పేజీల అట్ట బైండు పుస్తకం. 16 పేజీల కథను సాగదీయకుండా, మొదటినుంచీ 32కి ఆలోచించిన రెండు పుస్తకాలు తీసుకెళ్లడం మంచిది.

మొత్తం మీద ఎనిమిది పది పుస్తకాలు చాలు. ఒక్కోదానికి ఒక పేజీ వివరం: వయసు, పేజీలు, సైజు మిల్లీమీటర్లలో, ఇప్పటికే అమ్మిన హక్కులు, రెండు వాక్యాల్లో కథ. సారాంశం సరిపోదు, ఇంగ్లీషు అనువాదం పూర్తిగా కావాలి. దాన్ని చీటీలుగా ముద్రించి తెలుగు పుస్తకంలో ఆయా పేజీల్లో అంటిస్తే ఎడిటర్ నాలుగు నిమిషాల్లో చదివేస్తాడు. ప్రాసల మీద, మాటల చమత్కారం మీద నడిచే కథలు అక్కడ తేలవు.  చివర ‘నీతి’ అని పెట్టిన పేజీ ఉంటే తీసేయండి. పాశ్చాత్యుల బొమ్మల్ని అనుకరించాల్సిన పనీ లేదు. గోండు చిత్రకారులతో చెన్నై తారా బుక్స్ చేతితో స్క్రీన్ ప్రింట్ చేసిన ‘ద నైట్ లైఫ్ ఆఫ్ ట్రీస్’కు 2008లో ఈ ఫెయిర్ ఇచ్చే బొలోన్యా రాగజ్జీ న్యూ హొరైజన్స్ అవార్డు వచ్చింది. చేర్యాల నకాషీ, తోలుబొమ్మలు మన చేతిలోనే ఉన్నాయి. వాటితో కొత్త కథ చెప్పే పుస్తకాలు ఇంకా రావాలి.

డబ్బు లెక్క ఇలా ఉంటుంది. 2,000 ప్రతులు, ధర 14 యూరోలు, రాయల్టీ 6 శాతం అనుకుంటే మొత్తం 1,680 యూరోలు. అందులో సగం, అంటే 840, అడ్వాన్సుగా అడగొచ్చు. హక్కు ఒక భాషకే, ఐదు నుంచి ఏడేళ్లకే ఇవ్వాలి. 18 నెలల్లో పుస్తకం రాకపోతే హక్కు వెనక్కి రావాలి. ఆదాయపు పన్ను శాఖ నుంచి టాక్స్ రెసిడెన్సీ సర్టిఫికెట్ (మనం పన్ను విషయంలో భారతదేశ నివాసులమని చెప్పే పత్రం) ముందే తెచ్చుకోకపోతే అక్కడ ఎక్కువ పన్ను కోసేసి పంపుతారు.

చిత్రకారులకు మాత్రం ఈ ఫెయిర్‌ను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాం. ఫెయిర్‌లో భాగంగా పెట్టే చిత్రకారుల ప్రదర్శన ఇల్లస్ట్రేటర్స్ ఎగ్జిబిషన్‌కు ఐదు బొమ్మలు పంపాలి. విడివిడి అందాల కంటే ఐదూ ఒకే కథలోవిగా ఉండటం ముఖ్యం. ఎంపికైనవి తర్వాత జపాన్‌లోనూ ప్రదర్శిస్తారు. వెళ్లగలిగినవాళ్లకు ప్రవేశద్వారం దగ్గర చిత్రకారులు తమ పోస్టర్లు అంటించుకునే గోడ, ఇల్లస్ట్రేటర్స్ వాల్, ఉంది. మొదటిరోజు పొద్దున్నే పోస్టరు అంటించాలి, ఆలస్యమైతే జాగా దొరకదు.

ఇబ్బందుల్లో పెద్దది బస. ఆ వారం బొలోన్యా హోటళ్ల ధరలు మండిపోతాయి. రైల్లో అరగంట దూరంలోని మోడెనాలోనో, ఫెరారాలోనో దిగడం నయం. షెంగెన్ వీసాకు ఆరు నెలల ముందునుంచే దరఖాస్తు చేయొచ్చు, ఆఖరి నెల దాకా ఆగొద్దు.

తిరిగొచ్చిన వారంలోపే ప్రతి ఎడిటర్‌కూ విడిగా మెయిల్ వెళ్లాలి: ఏ పుస్తకం చూశారో, ఏ పేజీ దగ్గర ఆగారో గుర్తు చేస్తూ, పూర్తి పీడీఎఫ్ జతచేసి. అందుకే ప్రతి మీటింగ్ అవగానే తర్వాతి బల్ల దగ్గరికి వెళ్లకముందే రెండు వాక్యాలు రాసుకోవాలి. నాలుగో రోజు సాయంత్రానికి ముఖాలన్నీ కలగాపులగమైపోతాయి.