మారతహళ్ళిలో ఇంటికొచ్చి పెట్టే హోల్టర్: మెషిన్ బాగుంది, కాగితం బాగాలేదు

ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకుని, డాక్టరు దగ్గరికి వెళ్ళేలోపు సర్దుకుపోతుంటే హోల్టర్ రాస్తారు, అంటే ఛాతీకి తీగలతో తగిలించి గుండె కొట్టుకునే తీరుని గీతలుగా నమోదు చేసే చిన్న మెషిన్. మామూలు ఈసీజీలో దొరికేది పది సెకన్లు, ఇందులో 24 గంటలు. బెంగళూరు మారతహళ్ళిలో ఒక ల్యాబ్ వాళ్ళు ఇంటికే వచ్చి పెడుతున్నారు.

అతికించే పని మాత్రం శ్రద్ధగా చేస్తున్నారు. ఛాతీ మీద వెంట్రుకలు గీసి, స్పిరిట్‌తో తుడిచి, గాజుగుడ్డతో చర్మాన్ని కాస్త రుద్ది, అది ఆరాకే స్టిక్కర్ వేస్తారు. రుద్దకపోతే చెమటకి అంచులు లేస్తాయి, గీతలన్నీ గజిబిజిగా వస్తాయి, ఏది దడో ఏది చెయ్యి కదిపినదో చూసేవాళ్ళకి అంతుపట్టదు. ప్రతి తీగనీ ఒక చుట్టు తిప్పి టేపు వేస్తున్నారు కాబట్టి చొక్కా లాగినా ఊడదు. ముందు బొత్తాలున్న చొక్కా వేసుకోండి. తీసేదాకా స్నానం కుదరదు.

లోపమంతా డైరీ కాగితంలో ఉంది, అంటే మెషిన్ ఉన్నంతసేపు ఏం చేశారో, దడ ఎప్పుడొచ్చిందో మీరు రాయాల్సిన కాగితం. సమయం, పని, ఇబ్బంది అని మూడే గడులు. దడకి ముందు కడుపులోకి ఏం వెళ్ళిందో, రాత్రి ఎంతసేపు నిద్ర పట్టిందో రాసే చోటే లేదు. వెనక వైపు మీరే గీసుకోండి. కాఫీ, టీ ఎన్నిసార్లు, బై టూ అయితే బై టూ అనే రాయండి. ఎనర్జీ డ్రింకు అయితే ఎన్ని మిల్లీలీటర్లో చూడండి: మన దగ్గర లీటరుకి 300 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉండొచ్చు, అంటే అరలీటరుకి 150. జలుబు మాత్ర వేసుకుంటే పేరు రాయండి, ఫినైలెఫ్రిన్ అనే మందు ఉన్నవి కొందరికి దడ తెస్తాయి. ఆస్తమా ఇన్‌హేలరూ అంతే. మద్యం తాగితే దాని ప్రభావం మర్నాడు కూడా కనిపించొచ్చు కాబట్టి ముందు రోజుదీ రాయాలి. విరేచనాలు అయ్యాయా, నీళ్ళు తక్కువ తాగారా, మెస్‌లో నిండా తినగానే పడుకున్నారా, నైట్ షిఫ్టు చేశారా, ఇవన్నీ కావాలి.

పెట్టే అబ్బాయి "ఈరోజు కాఫీ మానేయండి, రెస్ట్ తీసుకోండి" అని చెప్తున్నాడు. డాక్టరు చెప్తే తప్ప అలా చేయొద్దు. రోజూ ఎలా గడుస్తుందో అలాగే గడవాలి, లేకపోతే కారణం దొరకదు. అసలు కాఫీ మీద నింద ఎక్కువ. అలవాటైన రెండు కప్పులతో చాలామందికి ఏమీ కాదు, కొందరికే పడదు. మీరు ఏ రకమో తేలేది ఆ కాగితం మీదే. వేసుకునే మందులు మాత్రం సొంతంగా ఆపొద్దు.

మెషిన్‌లో టైము, మీ ఫోన్‌లో టైము ఒకటేనా అని అబ్బాయి వెళ్ళేలోపు అడిగి చూసుకోండి. ఐదు నిమిషాల తేడా ఉన్నా డైరీకీ గీతకీ పొంతన కుదరదు. దడ రాగానే మెషిన్ మీద బటన్ నొక్కి, స్విచ్ వేసినట్టు మొదలైందో మెల్లగా పెరిగిందో రాయండి. స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఊపిరి ఆడకపోయినా రిపోర్టు కోసం ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.

రోజూనో రోజు విడిచి రోజో దడ వచ్చేవాళ్ళకి ఈ సేవ పనికొస్తుంది. నెలకోసారి వచ్చేవాళ్ళకి 24 గంటల్లో దొరకడం కష్టం. వాళ్ళకి వారం, రెండు వారాలు ఉంచే ప్యాచ్ కావాలి, అది ఈ ల్యాబ్‌లో లేదు.