మూడు మడతల మూతి: డ్రై బ్యాగుతో నాలుగేళ్ళు

నా డ్రై బ్యాగు, అంటే నీళ్ళు దూరని సంచి, నలభై లీటర్లది, మూతి చుట్టి క్లిప్పు పెట్టే రకం. కొలతలు, మందం, రంగులు అమ్మేచోటే రాసుంటాయి, వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది దాని మూతి గురించి. నాలుగేళ్ళలో పదకొండు రాత్రులు నెల్లూరు జిల్లాలో పెన్న మీదున్న సోమశిల డ్యాం వెనక నీళ్ళ ఒడ్డున పడుకున్నాను. పదకొండుసార్లూ పోయింది పుట్టిలోనే, అంటే తెడ్డుతో తోలే గుండ్రటి పడవలోనే. ఆ మూతిలోంచి లోపలికి ఒక్క చుక్క రాలేదు. మా నాయన తిరుపతి ప్రయాణాలకి పట్టుకుపోయిన ఇత్తడి మరచెంబు తర్వాత నేను ఇంతగా నమ్మిన మూత ఇంకోటి లేదు.

పుట్టి ఎక్కినవాళ్ళకి ఈ సంతోషం ఎందుకో తెలుస్తుంది. వెదురు అల్లిక మీద పట్ట కట్టిందైనా, ఇప్పుడొస్తున్న ఫైబరుదైనా, అందులో పొడి జాగా అంటూ ఉండదు. తెడ్డు లేపినప్పుడల్లా నాలుగు చుక్కలు లోపల పడతాయి. ఎక్కేటప్పుడు కాళ్ళతో కొంత వస్తుంది. గాలి లేస్తే అల అంచు దాటుతుంది. గంట తిరిగేసరికి అడుగున రెండువేళ్ళ మందం నీళ్ళు నిలుస్తాయి, మన సామానంతా ఆ నీళ్ళలోనే కూర్చుంటుంది. ఇదివరకు మేం యూరియా సంచిలో పాలిథిన్ కవరు దూర్చి, దుప్పట్లు కుక్కి, మూతిని సైకిలు ట్యూబు ముక్కతో బిగించేవాళ్ళం. పోయేటప్పుడు బాగానే ఉండేది. రాత్రి విప్పితే ఏదో ఒక మూల చల్లగా చేతికి తగిలేది. ఆ చల్లదనం తగిలినప్పుడల్లా ఇక ఆ రాత్రి మీద ఆశ పోయేది.

మూతి సంగతి చెప్తాను. పై అంచులో గట్టి పట్టీ ఉంటుంది. రెండు అంచులూ సమంగా కలిపి, ఆ పట్టీని ఒకే వైపుకి మూడు చుట్లు చుట్టి, రెండు కొసలూ కలిపి క్లిప్పు పెట్టాలి. ఇంతే పని. కానీ ఇందులో మూడు పట్టింపులున్నాయి, ఇవి నాకు కాగితం మీద ఎవరూ రాసివ్వలేదు. మొదటిది, చుట్టేముందు అంచుల మధ్య వేలు పెట్టి తుడవాలి. పెన్న ఒడ్డున ఇసుక లేని చోటు లేదు, ఒక్క ఇసుక రేణువు మడతలో ఇరుక్కున్నా నీటికి దారి దొరికినట్టే. రెండోది, మూడు చుట్లు పడాలంటే సంచిని ముప్పావు వంతు దాటి నింపకూడదు. గొంతుదాకా కుక్కి ఒకటిన్నర చుట్టుతో క్లిప్పు పెట్టేవాళ్ళని చూశాను, వాళ్ళ దుప్పట్లు తడిస్తే తప్పు సంచిది కాదు. మూడోది, గాలంతా పిండెయ్యకూడదు. కాస్త గాలి ఉంచి చుడితే సంచి నీళ్ళ మీద తేలుతుంది.

ఈ మూడోదాని విలువ మొదటి ఏడే తెలిసింది. ఒడ్డుకి చేరి నేను దిగుతుంటే పుట్టి ఒక పక్కకి ఒరిగి, సంచి జారి నీళ్ళలో పడింది. అప్పటికే పొద్దు గూకింది. నేను నడుములోతు నీళ్ళలో నిలబడి చూస్తుండగానే అది నా చేతికందకుండా లోపలికి కొట్టుకుపోయింది. దాన్ని పట్టుకోవాలని నేను ఇంకో రెండడుగులు వేశాను. పుట్టి తోలే పెద్దాయన "పోబాక అబ్బయా, ఆడ గుంత ఉంది" అని కేకేసి, పుట్టి తిప్పుకుని పోయి తెచ్చాడు. పావుగంట నీళ్ళ మీద తేలిన సంచి విప్పితే లోపల అగ్గిపెట్టె అట్ట కూడా మెత్తబడలేదు. ఆ రాత్రి పొడి బొంత కప్పుకుని పడుకున్నప్పుడు కలిగిన నెమ్మది నాకింకా గుర్తుంది. ఊరికొచ్చి తెలిసిన ప్రతివాడికీ చెప్పాను: ఒక్క సంచి చాలు, అన్నీ అందులో వేసెయ్యండి అని.

ఆ మాట ఇప్పుడు అలాగే చెప్పను. ఎందుకో వివరంగా చెప్పాలి.

రెండో ఏడు సంక్రాంతి, ముక్కనుమ మర్నాడు. నేను, మా బావమరిది, పుట్టి పెద్దాయన. అమ్మ బొమ్మిడాయిల పులుసు వండి ఇచ్చింది. మామిడికాయ దొరికే కాలం కాదు గనక చింతపండు చిక్కగా వేసింది, నూనె పైకి తేలేదాకా మరగనిచ్చింది. చేపల పులుసు పొద్దున వండి రాత్రికి తింటేనే రుచి అని మా వైపు అందరికీ తెలుసు. ఆ రాత్రికని ఎంతో ఇష్టంగా వండింది. పక్కలకి క్లిప్పులున్న స్టీలు దబరలో పోసి, మూత బిగించి, నా చేతికిస్తూ ఒకటికి రెండుసార్లు చెప్పింది, "గుడ్డల సంచిలో పెట్టబాకరా, చేత్తో పట్టుకో" అని. సరేనన్నాను. రేవుకి పోయాక చేతుల్లో నీళ్ళ క్యాను, లైఫ్ జాకెట్లు, టార్పాలిన్ చుట్ట ఉన్నాయి. దబర పట్టుకునే చెయ్యి లేదు. సంచి మీద నాకున్న నమ్మకంతో దబరని దుప్పట్ల మధ్య నిలబెట్టి, అంచులు తుడిచి, మూడు చుట్లు చుట్టాను.

సోమశిల 78 టీఎంసీల జలాశయం. నిండుగా ఉన్నప్పుడు గాలికి అడ్డమంటూ ఉండదు, అలలు దూరం నుంచి బలం కూడదీసుకుని వస్తాయి. ఆ మధ్యాహ్నం గాలి లేచింది. పుట్టి తిరుగుతూ ఊగుతూ పోతుంటే సంచి పక్కకి ఒరిగింది. నేనే దాన్ని ఇంకాస్త పడుకోబెట్టి, అలలకి కదలకుండా దాని మీద కూర్చున్నాను. దాదాపు రెండు గంటలు. బయటికి ఏమీ కనపడలేదు, ఏ వాసనా రాలేదు. మా బావమరిది "బావా, ఈ సంచి పరుపులా భలే ఉంది" అన్నాడు కూడా.

ఒడ్డుకి చేరి టార్పాలిన్ కట్టి, పుల్లలు ఏరి, చీకటిపడ్డాక సంచి విప్పాను. మూతి తెరవగానే గుప్పున వాసన. చెయ్యి పెడితే వేళ్ళు జిడ్డుగా మునిగాయి. నా బరువుకి దబర క్లిప్పు ఊడి, మూత లేచి, పులుసంతా దుప్పట్లలోకి, బొంతలోకి, ఇద్దరి స్వెటర్లలోకి పోయింది. నీళ్ళని లోపలికి రానివ్వని మూతి పులుసుని బయటికీ పోనివ్వలేదు. అదే యూరియా సంచి అయితే సగం కారిపోయి ఉండేది, పుట్టిలో ఉండగానే ఎర్రగా కనపడి ఉండేది. సంచి అడుగున నాలుగు చేపలు మిగిలాయి. అమ్మ పొద్దున్నే లేచి బొమ్మిడాయిలు బూడిద వేసి రుద్ది కడగడం నేను చూశాను. అది తలుచుకుంటే ఆకలి చచ్చిపోయింది.

రాత్రంతా నెగడు దగ్గర కూర్చున్నాం. జనవరి చలి, నీళ్ళ మీంచి వచ్చే గాలి, కప్పుకోవడానికి టార్పాలిన్ తప్ప ఏమీ లేదు. పెద్దాయన తన కండువా మా బావమరిదికిచ్చాడు. పులుసు గుడ్డలు దూరంగా చెట్టుకి వేలాడదీస్తే తెల్లవారేసరికి చీమల బారు కట్టింది. ఆ రాత్రి చలికి వణుకుతూ అనుకున్నాను: నీళ్ళు దూరవు అన్న గొప్ప ఒక్కటే చూసి, లోపల ఏది దేని పక్కన పెడుతున్నానో చూడ్డం మానేశానని.

ఊరికొచ్చాక కుంకుడుకాయ రసంతో మూడుసార్లు కడిగాను. నిమ్మచెక్కలు రుద్దాను, వంటసోడా నానబెట్టాను, తిరగేసి నీడన ఆరేశాను. దుప్పట్ల వాసన రెండు ఉతుకుల్లో పోయింది. సంచి వాసన ఏడాది పోలేదు. ఇలాంటి ప్లాస్టిక్ పూత ఒకసారి నూనెవాసన పట్టుకుంటే వదలదు. ఇప్పటికీ ఎండలో వేడెక్కితే లోపల చింతపండు వాసన సన్నగా వస్తుంది. సంచిలో ఏ లోపమూ లేదు, కానీ కొనేవాళ్ళు తెలుసుకోవాల్సిన గుణం ఇది.

అప్పటినుంచి తిండి సంచిలోకి రాదు. రబ్బరు రింగుతో మర మూత ఉండే నీలం డ్రమ్ము చిన్నది కొన్నాను. క్యారేజీ, బియ్యం, ఉప్పు, నూనె సీసా దాంట్లో పోతాయి. అది గట్టిది, మీద కూర్చున్నా లోపలివి నలగవు, రాత్రి దాన్నే పీట చేసుకుంటాం. సంచిలో అడుగున బొంత, దాని మీద దుప్పట్లు, ఆ పైన మారు బట్టలు, అన్నిటికన్నా పైన టార్చి, అగ్గిపెట్టె, మందులు. చీకట్లో వెతకాల్సినవి పైనే ఉండాలి. తడి తువ్వాలు మాత్రం లోపల వెయ్యకండి. మూతి అంత గట్టిది కాబట్టే ఆ తడి ఎటూ పోదు. మధ్యాహ్నం ఎండకి ఆవిరై, రాత్రి చల్లబడగానే లోపలి గోడలకి చెమ్మగా దిగి, పొడి బట్టలన్నీ మెత్తబడతాయి. మొదటి రెండుసార్లు నేను దీన్ని చూసి సంచి కారుతోందనుకున్నాను.

నిజంగా కారింది మూడో ఏడు, అదీ మూతిలోంచి కాదు. ఒడ్డున సర్కారు తుమ్మ కంప మీద సంచి ఈడ్చాను. ముల్లు దిగిన రంధ్రం కంటికి ఆనలేదు. ఇంటికొచ్చాక బొంత అడుగు తడిసి ఉంటే, సంచిలో గాలి నింపి, మూతి చుట్టి, పెరట్లో నీళ్ళ తొట్టిలో ముంచాను. పంక్చరు షాపులో ట్యూబు చూసినట్టే. అడుగు మూలన సన్నగా బుడగలు లేచాయి. సైకిలు సొల్యూషన్‌తో ప్యాచీ వేస్తే ఒక్క ప్రయాణానికే అంచు లేచిపోయింది. అది రబ్బరుకి పనికొచ్చే జిగురు, ఈ గుడ్డకి పట్టదు. చివరికి నెల్లూరు ఆటోనగర్లో లారీ టార్పాలిన్లు అతికే ఆయన దగ్గరికి పోయాను. ఆయన అదే జాతి గుడ్డ ముక్క తీసుకుని, మూలలు గుండ్రంగా కత్తిరించి, వేడిగాలి మిషనుతో కరిగించి, రోలరుతో ఒత్తాడు. "మూల కోసుగా ఉంటే ఆడినించే లేస్తది" అన్నాడు. ఏడాదిన్నరయింది, అతుకు కదల్లేదు. అప్పటినుంచి ఈడ్వడం లేదు, భుజాన వేసుకుని దిగుతున్నాను.

సంచి క్లిప్పు ఎండకి పెళుసెక్కి, కిందటి వేసవిలో విరిగింది, బడి సంచులు బాగుచేసే కొట్టులో ఇంకోటి వేశారు. ఇది పెద్ద విషయం కాదు. కాకపోతే ప్రయాణానికి ముందే లాగి చూసుకోవాలి. నేను అటక మీద సంచిని చుట్టి పెట్టడం మానేసి, మూతి తెరిచి గోడకి తగిలిస్తున్నాను. మడత పడిన చోటే పూత ముందు పగులుతుంది.

ఇంకో మాట. 2021 నవంబరులో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, ఆ వరదంతా పెన్నలోకి వచ్చిన తర్వాత, మేం డ్యాం కింద ఇసుకలో పడుకోవడం పూర్తిగా మానేశాం. అంతకుముందు జొన్నవాడకి ఎగువన ఇసుక తిన్నెల మీద ఎన్నో రాత్రులు పడుకున్నాం. పైన గేట్లు ఎత్తితే కింద నిద్రపోయేవాడికి తెలిసే దారి లేదు. అందుకే ఆత్మకూరు మీదుగా సోమశిల దాకా పోయి, గేట్ల సంగతి, గాలి సంగతి కనుక్కుని, చేపలు పట్టేవాళ్ళు సరేనంటేనే పుట్టి ఎక్కుతాం. సంచి తేలుతుందని దాన్ని పట్టుకుని ఈదుదామని మాత్రం అనుకోకండి. లైఫ్ జాకెట్ పని లైఫ్ జాకెట్టే చెయ్యాలి. మొదటి ఏడు సంచి కోసం నేను గుంత వైపు వేసిన రెండడుగులు ఇప్పటికీ నాకు భయం పుట్టిస్తాయి.

కొనమంటానా అంటే, నాలాగా బండి మీద పోయి, పుట్టిలో ఒక్క రాత్రికి పోయేవాళ్ళకి కొనమనే చెప్తాను. మైపాడు దగ్గర సముద్రంలోకి తీసుకుపోయేవాళ్ళకి, పిల్లాపాపలతో పెద్ద పడవలో పోయేవాళ్ళకి నా అనుభవం సరిపోదు. నేను మళ్ళీ కొంటే మాత్రం నలభై లీటర్లది కొనను. ఇరవైవి రెండు కొంటాను. ఒకదానికి ముల్లు దిగినా రెండోదాంట్లో ఒక పొడి దుప్పటి మిగులుతుంది. మా బావమరిది ఇదే నలభై లీటర్లది ఇంకోటి కొంటానంటున్నాడు. వాడికి పడుకునేటప్పుడు తలకింద పెట్టుకోవడానికి అదే బాగుందట. కొనే ముందు కొట్టులోనే గాలి నింపి, మూతి మూడు చుట్లు చుట్టి, మోకాలితో నొక్కి పట్టుకుని, మూతి దగ్గర చెవి పెట్టి గాలి పోతోందేమో వినమని వాడికి చెప్పాను.