కేప్ హార్న్: పెద్ద ఓడ డెక్ మీది నుంచి చూడాలా, చిన్న ఓడలో వెళ్లి దిగాలా?

దక్షిణ అమెరికా కొసన, చిలీకి చెందిన హోర్నోస్ దీవిలో, సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ కేప్ హార్న్. 1616లో డచ్చి నావికులు షౌటెన్, లె మెయిర్ దీన్ని చుట్టి వెళ్లారు.

ఖర్చు: పెద్ద ఓడలో రోజుకయ్యే ఖర్చు తక్కువ, ప్రయాణం పొడవు. చిన్న ఓడలో ధర ఎక్కువ, ప్రయాణం కొద్ది రోజులే.

శ్రమ: పెద్ద ఓడలో వెచ్చని కోటు వేసుకుని డెక్ మీదికొస్తే చాలు. చిన్న ఓడ నుంచి రబ్బరు పడవలోకి దిగాలి, ఆపై నిటారైన చెక్క మెట్లెక్కాలి.

అనిశ్చితి: ఇక్కడ పెత్తనమంతా గాలిదే. పెద్ద ఓడకు మంచు, వాన అడ్డొస్తే కొండ మసకగానైనా కనిపించకపోవచ్చు. చిన్న ఓడ దీవిని చేరినా, అలలు ఎగసిపడితే కెప్టెన్ దిగనివ్వరు. టికెట్ కొనేముందే దీనికి మనసు సిద్ధం చేసుకోండి.

దిగగలిగితే మాత్రం దక్కేది ఎంతో: దీపస్తంభం, దాన్ని చూసుకునే చిలీ నౌకాదళ కుటుంబం, మునిగిపోయిన నావికుల స్మృతిగా 1992లో నిలిపిన ఆల్బట్రాస్ (పెద్ద సముద్రపక్షి) శిల్పం. నన్నడిగితే ఆ శిల్పం కోసమే దిగాలి.

మోకాళ్ల నొప్పులున్నా, వృద్ధులు వెంట ఉన్నా పెద్ద ఓడే మేలు. కేప్ హార్న్ కోసమే అంత దూరం వెళ్తుంటే చిన్న ఓడ ఎక్కండి.