ఒకే డైరెక్టర్, రెండు క్లబ్బుల బాధ

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బుల్లో ఆటగాళ్ల కొనుగోళ్ల లాంటివి చూసుకునే డైరెక్టర్ డాన్ యాష్‌వర్త్ 2022లో బ్రైటన్ నుంచి న్యూకాజిల్‌కి, 2024లో అక్కణ్ణుంచి మాంచెస్టర్ యునైటెడ్‌కి వెళ్లాడు. రెండుసార్లూ పాత క్లబ్ ఆయన్ను వెంటనే వదల్లేదు, కొన్ని నెలలు పని లేకుండా ఇంట్లో కూర్చోబెట్టింది.

బ్రైటన్ అభిమానులకు బాధ ఉన్నా భయం తక్కువ. ఆటగాళ్లను వెతికే పద్ధతి యజమాని టోనీ బ్లూమ్ కట్టుకున్నది, ఒక్క మనిషితో పోయేది కాదు. ఆ కుర్చీ కూడా లోపలి మనిషి డేవిడ్ వీర్‌కే దక్కింది.

న్యూకాజిల్ వాళ్ల కోపం వేరు. ఆయన వచ్చి రెండేళ్లు కూడా నిండలేదు. పైగా ఎవరిని కొనాలనుకుంటున్నారో, ఎంత పెట్టగలరో అన్నీ తెలిసిన మనిషి నేరుగా ప్రత్యర్థి ఆఫీసులో కూర్చుంటాడన్న టెన్షన్! ఆయన్ను వదలడానికి పరిహారం కోసం క్లబ్ గట్టిగా పట్టుబట్టడం నాకు న్యాయంగానే అనిపించింది. తీరా యునైటెడ్‌లో ఆయన ఉన్నది సుమారు అయిదు నెలలే. 2024 డిసెంబరులో అక్కణ్ణుంచీ బయటికొచ్చాడు.