ఫోర్ట్ కొచ్చికి ఏ పడవ ఎక్కాలి?

శబరిమల సీజన్ మొదలైతే చాలు, మా వాళ్లలో ఎవరో ఒకరు ఫోన్ చేసి ఇదే అడుగుతారు, ఎర్నాకుళంలో ఒక పూట ఖాళీ ఉంది, నీళ్లకి అవతలున్న ఫోర్ట్ కొచ్చి చూసొద్దామనుకుంటున్నాం, వాటర్ మెట్రో పడవ ఎక్కమంటావా, పాత గవర్నమెంట్ బోటా అని. ఈమధ్య అమ్మని తీసుకుని వెళ్లినప్పుడు పోయేటప్పుడు బోటు, వచ్చేటప్పుడు మెట్రో ఎక్కాం. అందుకే ఇప్పుడు గట్టిగా చెప్పగలను.

ముందు క్యాబ్ మాట మానేయండి. తోప్పుంపడి మీదుగా రోడ్డున వెళ్లడమంటే దొడ్డిదారిన ఇంట్లోకి దూరినట్టే, ఆ ఊరి వీధి గుమ్మం నీళ్లవైపు ఉంది. 1341లో పెరియార్ నదికి వచ్చిన పెద్ద వరదకి పాత ముజిరిస్ రేవు పూడిపోయి ఇక్కడ సముద్రంలోకి మొగ తెరుచుకుందని చెబుతారు, ఆ తర్వాత పోర్చుగీసువాళ్లు, 1663లో వాళ్లని వెళ్లగొట్టిన డచ్చివాళ్లు, అందరి ఓడలూ ఆ మొగలోంచే లోపలికొచ్చాయి. మనమూ నీళ్లమీద నుంచే ఆ ఊరిని మొదటిసారి చూడాలి, నా దృష్టిలో అసలు విషయం అదే.

వాటర్ మెట్రో బాగుంటుంది, కాదనను. హైకోర్టు టెర్మినల్ నుంచి 40 రూపాయలు, ఏసీ, బ్యాటరీ పడవ కాబట్టి చప్పుడు తక్కువ, కొచ్చి షిప్‌యార్డులోనే కట్టారు. ఎక్కే చోట తేలే ప్లాట్‌ఫాం ఉంటుంది, ఆటుపోట్లతో పాటు అదీ పడవా కలిసే లేస్తాయి, దిగుతాయి, అందుకే వీల్‌చెయిర్ కూడా నేరుగా లోపలికెళ్లిపోతుంది. వంద మంది నిండితే ఇంక ఎక్కనివ్వరు, సెలవురోజుల్లో కాస్త ముందే వెళ్లండి. ఒకటే లోటు, అద్దాలు మూసి ఉంటాయి. హార్బర్ అంతా కనిపిస్తుంది గానీ గాలి తగలదు, వాసన రాదు.

ఎర్నాకుళం జెట్టీలో ఎక్కే పాత బోటుకి టికెట్ పది రూపాయల లోపే. చెక్క బల్లలు, పక్కలన్నీ తెరిచే ఉంటాయి, వానొస్తే పట్టా దించుతారు. పైన చుక్కాని పట్టుకున్నాయన తాడు లాగితే కింద ఇంజను దగ్గర గంట మోగుతుంది, ఆ గంటని బట్టి ఇంజను మనిషి స్పీడు పెంచుతాడు, తగ్గిస్తాడు, అమ్మ దారంతా ఆ గంటనే వింటూ కూర్చుంది. ఎడమ పక్క విల్లింగ్డన్ ఐలాండ్, రాబర్ట్ బ్రిస్టో అనే ఇంజనీరు ఓడల కోసం లోతు తవ్వించి ఆ మట్టితోనే పోయించిన దీవి, కుడి పక్క వల్లార్‌పాడం కంటైనర్ క్రేన్లు. అవి దాటేసరికి గాలి మారిపోతుంది, ఉప్పుగా, చేపల వాసనతో మొహానికి కొడుతుంది, ఎదురుగా చీనా వలలు, వెనక తాళ్లకి వేలాడదీసిన బండరాళ్ల బరువుతో ఒక్కొక్కటీ నీళ్లు కారుతూ పైకి లేస్తుంటాయి. "నరసాపురం రేవులో ఉన్నట్టుందిరా" అంది అమ్మ. ఇరవై నిమిషాల్లో ఇంత చూపించే పడవ ఉండగా అద్దాల వెనక కూర్చోడం నాకు నచ్చదు.

మెరైన్ డ్రైవ్‌లో టూరిస్టు బోట్లవాళ్లు పిలుస్తుంటారు, హార్బర్‌లో ఒక చుట్టు తిప్పి వెనక్కి తెస్తారు, ఊరు చూడాలంటే పనికిరాదు. వైపిన్ నుంచి అవతలికి రోరో ఉంది, మన సఖినేటిపల్లి పంటు లాంటిదే, కారూ బైకూ ఉంటే తప్ప దానికోసం వెళ్లక్కర్లేదు.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి మాత్రం పాత బోటు కొంచెం కష్టం, నీళ్లు తగ్గి పాటు మీద ఉన్నప్పుడు జెట్టీ నుంచి పడవలోకి బాగా కిందికి అడుగెయ్యాలి, అమ్మకి సిబ్బంది ఒకాయన చెయ్యందించి దింపాడు. అసలు నడవలేనివాళ్లుంటే రెండుసార్లూ మెట్రోనే ఎక్కండి. మిగతా అందరూ పోయేటప్పుడు మాత్రం తప్పకుండా బోటే ఎక్కండి, అలసిపోయి వచ్చేటప్పుడు కావాలంటే ఏసీలో కూర్చోండి. పక్కనే ఉన్న మట్టాంచేరిలో 1568 నాటి సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం, కూడా చూడాలనుంటే శనివారం పెట్టుకోకండి, ఆ రోజు తలుపులు తియ్యరు.